దాచమని చెప్పే ఏడు సలహాలు: ఒక్కటీ పాటించకండి

మన ఇళ్లలో సలహాలకు కరువు లేదు. దగ్గుకు మిరియాల కషాయం దగ్గర్నుంచి ఇంటి గుమ్మం ఎటు పెట్టాలనే దాకా అడక్కుండానే అందుతాయి. చాలావరకు మేలు కోరి చెప్పేవే. కానీ వాటిలో ఒక రకం సలహాలు మాత్రం ఎంత ప్రేమతో ఇచ్చినా చేటే చేస్తాయి. "ఎవరికీ చెప్పకు." "బయటపడనివ్వకు." "తెలిస్తే నలుగురూ ఏమనుకుంటారు?" జబ్బు చేసినా, అప్పు పెరిగినా, పరీక్ష తప్పినా, కాపురంలో కలతలొచ్చినా మొదట వినిపించే మాటలు ఇవే.

ఈ సలహాలన్నిటి వెనక ఉన్న నమ్మకం ఒక్కటే: లోపం బయటపడకపోతే లోపం లేనట్టే. ఆ నమ్మకం తప్పు. దాచినంత మాత్రాన జబ్బు తగ్గదు, అప్పు తీరదు, మార్కులు పెరగవు. మనకు రావాల్సిన సాయం మాత్రం రాకుండా పోతుంది. తెలియని జబ్బుకు డాక్టరు మందు రాయలేడు. తెలియని కష్టానికి స్నేహితుడు చేయందించలేడు. అందుకే మనం తరచూ వినే ఏడు సలహాలను ఒక్కొక్కటిగా తీసుకుని, అవి ఎక్కడ దారి తప్పిస్తాయో, వాటి బదులు ఏం చేయాలో రాస్తున్నాను.

1. "వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు"

పెళ్లి సంబంధాల దగ్గర ఈ సామెతను అడ్డం పెట్టుకుని దాచే వాటిలో ముఖ్యమైనది మూర్ఛ. అమ్మాయికి చిన్నప్పుడు ఫిట్స్ వచ్చాయి, మాత్రలు వాడుతోంది, మూడేళ్లుగా మళ్లీ రాలేదు. "ఇంకెందుకు చెప్పడం, పెళ్లయితే అదే పోతుంది" అంటారు బంధువులు.

పెళ్లయిన ఆ వారం ఎలా గడుస్తుందో చూడండి. ముహూర్తం అర్ధరాత్రి దాటాక, కాబట్టి ఆ రాత్రి నిద్ర లేదు. మర్నాడు ప్రయాణం, ఆ మర్నాడు సత్యనారాయణ వ్రతం, ఉపవాసం. అత్తగారింటి నిండా చుట్టాలు. గది తలుపు గడియ వేసుకునే వీలుండదు. బయల్దేరేముందు అమ్మ మాత్రలన్నిటినీ స్ట్రిప్పుల్లోంచి ఊడదీసి, విటమిన్ సీసాలో పోసి, హ్యాండ్‌బ్యాగ్ అడుగున పెట్టి ఇచ్చింది. రాత్రి తొమ్మిదింటికి వేసుకోవాల్సిన మాత్ర కోసం ఆ అమ్మాయి బ్యాగ్ తెరిస్తే పక్కనే ఆడపడుచు కూర్చుని ఉంది. "ఏం మాత్ర వదినా?" అని అడిగితే ఏం చెప్పాలో తోచక జిప్పు మూసేసింది. ఒక రాత్రి మాత్ర తప్పింది, మర్నాడూ తప్పింది. మందు మానడం, నిద్ర చాలకపోవడం ఈ రెండే ఫిట్స్‌ను తిరగబెట్టే పెద్ద కారణాలు. మనం దాచిన తీరే ఆ రెండిటినీ ఒకచోట చేర్చింది.

ఆ తర్వాత వచ్చే ప్రమాదం ఇంకా పెద్దది. ఫిట్స్ వచ్చినప్పుడు ఏం చేయాలో ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియదు. చేతిలో తాళాల గుత్తి పెడతారు, పళ్ల మధ్య చెంచా దూరుస్తారు. చేయాల్సింది అది కాదు. మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, చుట్టూ తగిలే వస్తువులు తీసేయాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పైగా వాల్‌ప్రోయేట్ వంటి కొన్ని మూర్ఛ మందులు కడుపులో బిడ్డకు హాని చేస్తాయి. గర్భం రాకముందే డాక్టరు మందు మార్చాలి, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి. భర్తకే తెలియని జబ్బు గురించి ఆ డాక్టరు దగ్గరికి ఎవరితో వెళ్తుంది?

చట్టం ఏమంటోందో కూడా తెలుసుకోండి. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అడ్డంకుల జాబితాలో ఒకప్పుడు మూర్ఛ ఉండేది. 1999లో దాన్ని తీసేశారు. కానీ అదే చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ముఖ్యమైన విషయం దాచి మోసంతో పెళ్లికి ఒప్పించారని రుజువైతే, ఆ మోసం బయటపడిన ఏడాదిలోగా పెళ్లి రద్దు చేయమని కోర్టుకెళ్లవచ్చు. అంటే పెళ్లి నిలవడానికి చట్టం దృష్టిలో మూర్ఛ అడ్డం కాదు, దాన్ని దాచడం మాత్రం అడ్డం కావచ్చు.

ఇలా చేయండి: తాంబూలాలు పుచ్చుకోకముందే చెప్పండి. పెద్దలు గుసగుసగా చెప్పుకోవడం కాకుండా అమ్మాయే అబ్బాయికి, అబ్బాయికి ఉంటే అతనే అమ్మాయికి నేరుగా చెప్పాలి. డాక్టరు రాసిన కాగితం చూపించండి, కావాలంటే ఇద్దరూ కలిసి ఆ డాక్టరు దగ్గరికే వెళ్లండి. సరైన చికిత్స అందితే మూర్ఛ ఉన్నవాళ్లలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నిజం చెప్పాక కొన్ని సంబంధాలు తప్పిపోతాయి, ఆ బాధ నిజమైనదే. కానీ మాత్ర వేసుకోవడానికి భయపడాల్సిన ఇంట్లో కాపురం చేయడం దానికంటే పెద్ద బాధ.

2. "మచ్చ కనపడకుండా చూసుకో"

బొల్లి మచ్చ మొదట మోచేతి దగ్గరో, పెదవి చివరో చిన్నగా కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు ముందు చేసే పని పొడుగు చేతుల జాకెట్టు కుట్టించడం. మే నెల ఎండల్లోనూ అవే చేతులు. తర్వాత ఫంక్షన్లు మానిపిస్తారు. ఫొటోల్లో ఆ చేయి వెనక్కి పెట్టుకోమంటారు. డాక్టరు దగ్గరికి మాత్రం తీసుకెళ్లరు, "అక్కడ ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తే?" అని.

బొల్లి అంటువ్యాధి కాదు. కుష్టుకూ దీనికీ సంబంధం లేదు. చర్మానికి రంగునిచ్చే కణాల మీద మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే దాడి చేయడం వల్ల వస్తుంది. తాకినా, కలిసి తిన్నా, కలిసి పడుకున్నా ఒకరి నుంచి ఇంకొకరికి సోకదు. పూత మందులు, కాంతి చికిత్స ఉన్నాయి, తొందరగా మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. పొడుగు చేతుల జాకెట్టు వెనక గడిచిపోయిన ఆ రోజులే చికిత్సకు అక్కరకొచ్చే కాలం.

రంగు విషయంలోనూ ఇదే తంతు. మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చింది, 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. పేరు మారినా పెళ్లిచూపుల ముందు "కాస్త తెల్లబడాలి" అనే మాట మారలేదు. దీనికోసం మందుల షాపుల్లో స్టెరాయిడ్ కలిసిన క్రీములు కొని నెలల తరబడి రాస్తున్నారు. నాలుగు రోజులు మెరుపు వస్తుంది, ఆ తర్వాత చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు లేచి, క్రీము ఆపితే మంట పుడుతుంది. ఇలాంటి క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం ఆదేశించింది.

ఇలా చేయండి: మచ్చ కనిపించిన నెలలోనే చర్మ వైద్యుడికి చూపించండి. బడికి వెళ్లే పిల్లలైతే క్లాస్ టీచరుకు మీరే చెప్పండి, ఇది అంటుకునేది కాదని తరగతికి ఆవిడ చెబుతారు. పిల్లల ముందు ఆ మచ్చ గురించి గొంతు తగ్గించి మాట్లాడకండి. అది సిగ్గుపడాల్సిన విషయమని వాళ్లు నేర్చుకునేది మన గుసగుసల్లోంచే.

3. "ఫెయిలైన సంగతి ఎవరికీ చెప్పకు"

ఇంటర్ ఫలితాల రోజు తెలుగు ఇళ్లలో ఫోన్లు ఆగవు. బాబాయి, మేనత్త, ఎదురింటి ఆంటీ, అందరిదీ ఒకటే ప్రశ్న: "ఎన్నొచ్చాయి?" తొమ్మిది వందలు దాటినవాళ్ల ఫొటోలు కాలేజీ ఫ్లెక్సీ మీదికి ఎక్కుతాయి. తప్పినవాడి ఇంట్లో ఫోన్ స్విచాఫ్. "అడిగితే ఫస్ట్ క్లాసని చెప్పు" అని తండ్రే నేర్పుతాడు. ఆ మాట విన్న పిల్లవాడికి అర్థమయ్యేది ఒకటే: నాన్నకు నా కంటే నా మార్కులే ముఖ్యం, అవి లేకపోతే నేను ముఖం చూపించకూడదు.

దీని ఫలితం మనం కళ్లారా చూశాం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక కొద్ది రోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తర్వాత ప్రభుత్వం వేసిన ముగ్గురు సభ్యుల కమిటీ ఫలితాల తయారీలో లోపాలు జరిగాయని తేల్చింది. తప్పినవాళ్ల జవాబు పత్రాలన్నీ ఉచితంగా మళ్లీ పరిశీలిస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. పిల్లలు ఏ కాగితాన్ని తమ విలువ అనుకున్నారో, తప్పులున్నది ఆ కాగితంలోనే. అందులో తప్పు లేకపోయినా మాట మారదు. ఒక సబ్జెక్టు పోవడం ఒక సబ్జెక్టు పోవడమే, అంతకు మించి ఏమీ కాదు.

ఈ ఒత్తిడి మన దగ్గరే కాదు, పాశ్చాత్య దేశాల్లోనూ పెరుగుతోంది. థామస్ కరన్, ఆండ్రూ హిల్ అనే పరిశోధకులు అమెరికా, కెనడా, బ్రిటన్ కాలేజీ విద్యార్థులు 40 వేల మందికి పైగా ఇచ్చిన జవాబులను పరిశీలించారు. "నాలో ఏ లోపమూ ఉండకూడదని చుట్టూ ఉన్నవాళ్లు కోరుకుంటున్నారు" అనే భావన 1989 నుంచి 2016 మధ్య 33 శాతం పెరిగిందని చెప్పారు.

ఇలా చేయండి: ఫలితం వచ్చిన గంటలో బిడ్డ పక్కన కూర్చోండి. ఫోన్ మీరే ఎత్తి, "మావాడికి ఫిజిక్స్ పోయింది, సప్లిమెంటరీ రాస్తాడు" అని వాడి ఎదుటే మామూలు గొంతుతో చెప్పండి. ఆ ఒక్క వాక్యంతో వాడి భయం సగం పోతుంది. అనుమానముంటే రీవెరిఫికేషన్‌కు గడువు లోపు డబ్బు కట్టండి, లేకపోతే సప్లిమెంటరీ ఫీజు కట్టండి. ఆ రెండు తేదీలు దాచుకుంటూ కూర్చుంటే దాటిపోతాయి.

4. "ఉద్యోగం పోయిందని అప్పుడే చెప్పకు"

ఉద్యోగం పోయిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు రోజూ తొమ్మిదింటికి లాప్‌టాప్ బ్యాగ్ వేసుకుని బయటికెళ్లి, మాదాపూర్‌లో ఏదో కాఫీ షాపులో సాయంత్రం దాకా కూర్చుని ఇంటికి రావడం ఇప్పుడు కొత్త సంగతి కాదు. ఇంట్లో ఈఎంఐలు నడుస్తుంటాయి, బామ్మర్ది పెళ్లికి ఇస్తానన్న డబ్బు ఇవ్వాలి, పిల్లల స్కూల్ ఫీజు కట్టాలి. "ఇంకోటి దొరికాక చెబుదాం" అనుకుంటాడు. ఖర్చు మాత్రం జీతం వస్తున్నట్టే సాగుతుంది. క్రెడిట్ కార్డు మీద, తర్వాత పర్సనల్ లోన్ యాప్ మీద.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఈ సలహా ఇంకా ప్రమాదం. హెచ్-1బీ మీద ఉన్నవారి ఉద్యోగం పోతే కొత్త కంపెనీ పిటిషన్ వేయడానికో, వేరే వీసాకు మారడానికో, దేశం విడిచి వెళ్లడానికో ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. హెచ్-4 మీద ఉన్న భార్యాపిల్లల హోదా కూడా దానితోనే ముడిపడి ఉంటుంది. ఆ 60 రోజుల్లో 20 రోజులు భార్యకు కూడా చెప్పకుండా గడిపితే, ఆమె తన హోదా గురించి ఆలోచించుకునే సమయాన్ని కూడా మనమే తినేసినట్టు. ఊళ్లో అమ్మానాన్నలకు తెలియకూడదని తెలుగు అసోసియేషన్ స్నేహితులకూ చెప్పరు. రిఫరల్ ఇవ్వగలిగేది ఆ స్నేహితులే.

ఇలా చేయండి: మొదటి రోజే జీవిత భాగస్వామికి చెప్పండి. ఆ వారంలోనే పాత మేనేజర్లకు, కలిసి పనిచేసినవాళ్లకు, కాలేజీ బ్యాచ్‌కు రాయండి. లింక్డ్‌ఇన్‌లో ఉద్యోగం వెతుకుతున్నట్టు పెట్టండి. ఇంట్లో కూర్చుని ఆపగలిగే ఖర్చులు ఆపండి. కంపెనీ వందల మందిని ఒక్క మెయిల్‌తో తీసేసినప్పుడు అందులో ఒకరు కావడం చేతకానితనం కాదు.

5. "అప్పుల సంగతి ఆడవాళ్లకెందుకు"

ఈ సలహా ప్రాణాలు తీస్తోంది. పత్తి రైతో, మిర్చి రైతో, కౌలుకు చేసేవాడో, విత్తనాలకు ఒకచోట, ఎరువులకు ఇంకోచోట, బోరుకు మరోచోట అప్పు తెస్తాడు. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే చిన్నగా వినిపిస్తుంది. రెండు లక్షల మీద నెలకు ఆరు వేలు, ఏడాదికి 72 వేలు, అంటే 36 శాతం. బ్యాంకులో మూడు లక్షల లోపు పంట రుణం 7 శాతం, గడువులో కడితే 4 శాతమే పడుతుంది. ఈ లెక్క భార్యాభర్తలిద్దరూ కూర్చుని వేసుకుంటే ఏ అప్పు ముందు తీర్చాలో అరగంటలో తేలుతుంది. కానీ ఆయన చెప్పడు. "మగాడన్నాక ఇంట్లో కష్టం చెప్పుకుంటాడా?" అన్న మాట చెవిలో ఉంటుంది. ప్రామిసరీ నోట్లు చొక్కా జేబులోనే మడతలు పడతాయి.

ఆయన పురుగుల మందు తాగిన తర్వాత ఆ ఇంటికి ఎవరొస్తారో చెబుతాను. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 421 ఇచ్చింది. దాని కింద ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ సహాయ సంచాలకుడు ఉన్న త్రిసభ్య కమిటీ విచారణ చేయాలి. అది వ్యవసాయ అప్పుల వల్ల జరిగిన ఆత్మహత్యేనని తేలితేనే పరిహారం. అప్పట్లో అది లక్షన్నర, తర్వాత రెండు రాష్ట్రాలూ పెంచాయి. ఆ విచారణలో భార్యను అడిగేది ఇదే: పాస్‌పుస్తకం ఏది, బయటి అప్పుల నోట్లు ఏవి, ఎవరి దగ్గర ఎంత తెచ్చాడు? బతికుండగా భర్త ఆమెకు చెప్పని లెక్కను, అతను పోయాక ఆమె అధికారుల ముందు రుజువు చేసుకోవాలి. రుజువు చేయలేక పరిహారం పోగొట్టుకున్న ఆడవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. అప్పిచ్చినవాళ్లు మాత్రం నోటు పట్టుకుని సరిగ్గా గుమ్మం ముందుకొస్తారు.

ఇలా చేయండి: ఒక నోటుబుక్కు తీసుకుని ఎవరికి, ఎంత, ఏ వడ్డీకి, ఎప్పుడు తెచ్చారో ఇద్దరూ కలిసి రాయండి. ఎక్కువ వడ్డీదాన్ని పైన పెట్టండి. ఆమె డ్వాక్రా సంఘంలో ఉంటే అక్కడ దొరికే తక్కువ వడ్డీ రుణంతో మూడు రూపాయల అప్పు తీర్చవచ్చు. ఆ దారి తెలిసింది ఆమెకే, ఆయన చెప్పకపోతే అది మూసుకుపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతులైతే 2019 చట్టం కింద ఇచ్చే సాగు హక్కు పత్రం అడగండి. అప్పు మగతనం సమస్య కాదు, ఇంటి బడ్జెట్ సమస్య.

6. "పిచ్చి డాక్టరు దగ్గరికా? సంబంధాలు కూడా రావు"

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఒక పేట పేరు. అక్కడ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉండటంతో ఆ పేరే తిట్టయిపోయింది. "వాణ్ని ఎర్రగడ్డకు పంపాలి" అని నవ్వుకుంటూ పెరిగినవాళ్లం, మనకే నిద్ర పట్టనప్పుడు, ఏ పనీ చేయబుద్ధి కానప్పుడు అక్కడి గుమ్మం తొక్కలేం. అందుకే మనసు జబ్బును ఒంటి జబ్బు పేరుతో మోస్తాం. గుండె బరువంటూ ఈసీజీ, తలనొప్పంటూ స్కాన్, కడుపులో మంటంటూ ఎండోస్కోపీ. అన్నీ నార్మల్. తర్వాత గాలి సోకిందని తాయెత్తు. అసలు డాక్టరు దగ్గరికి చేరేసరికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచిపోతాయి.

దాచాల్సిన అవసరం చట్టం దృష్టిలో కూడా లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మన చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. మానసిక జబ్బులకు బీమా కూడా ఇతర జబ్బులతో సమానంగా ఇవ్వాలి. 2022 అక్టోబరు నుంచి టెలీమానస్ నడుస్తోంది. 14416కు ఫోన్ చేస్తే డబ్బు కట్టనక్కర్లేదు, రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇలా చేయండి: రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, పని మీద ఆసక్తి పోతే డాక్టరుతో మాట్లాడండి. చచ్చిపోవాలనిపించే ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగకండి, ఆ క్షణమే ఇంట్లో ఒకరికి చెప్పి 14416కు ఫోన్ చేయండి. ఇంట్లోవాళ్లెవరైనా అలా అన్నప్పుడు "పిచ్చి మాటలు మాట్లాడకు" అని నోరు మూయించకండి. పక్కన కూర్చోండి, ఒంటరిగా వదలకండి.

7. "ఇంటి గుట్టు లంకకు చేటు"

ముందు చెప్పిన ఆరు సలహాలకూ బలం ఈ సామెతే. తాగొచ్చి కొట్టే భర్త గురించి, కట్నం కోసం వేధించే అత్తింటి గురించి అమ్మాయి పుట్టింటికి ఫోన్ చేస్తే "సర్దుకుపో తల్లీ, గడప దాటనివ్వకు" అని జవాబొస్తుంది. మర్నాడు ఆఫీసులో కంటి కింద నల్లటి మచ్చ చూసి అడిగితే "బాత్‌రూమ్‌లో జారిపడ్డా" అంటుంది. అడిగినవాళ్లకూ నిజం తెలుసు. వాళ్లూ తలవంచుకుని వెళ్లిపోతారు.

లంక ఎందుకు చెడిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. విభీషణుడు గుట్టు మోసుకుని తిన్నగా రాముడి దగ్గరికి పరుగెత్తలేదు. ముందు నిండు కొలువులో అన్నకే చెప్పాడు, సీతను పంపించేయమని. రావణుడు వినలేదు, అవమానించి వెళ్లగొట్టాడు. లంకకు చేటు తెచ్చింది తప్పు చేసినవాడు, ఆ తప్పును చూపించినవాడి మాట వినని కొలువు. సామెత మాత్రం నేరాన్ని చెప్పినవాడి మీద వేసింది. మన ఇళ్లలోనూ అదే జరుగుతోంది. కొట్టినవాడికి లేని సిగ్గు, చెప్పినామెకు ఉండాలంటున్నాం.

ఇలా చేయండి: 2005 గృహహింస చట్టం కింద కొట్టడమే కాదు, తిట్టడం, డబ్బు ఇవ్వకుండా ఏడిపించడం కూడా హింసే. 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. జిల్లా కేంద్రాల్లో సఖి కేంద్రాలున్నాయి, అక్కడ ఆశ్రయం, వైద్యం, న్యాయ సలహా ఒకేచోట దొరుకుతాయి. గాయాల ఫొటోలు తీసి నమ్మకమైనవాళ్లకు పంపి ఉంచండి. కూతురు ఫోన్ చేసిన తల్లిదండ్రులు "సర్దుకుపో" అనకండి. "బయల్దేరి వస్తున్నాం" అనండి.

అయితే అందరికీ చెప్పుకోవాలా?

అక్కర్లేదు. కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టనక్కర్లేదు, పేరంటంలో ప్రకటించనక్కర్లేదు. చెప్పడానికి రెండు కొలతలు చాలు. మన విషయం ఎవరి జీవితాన్ని మారుస్తుందో వాళ్లకు తెలుసుకునే హక్కుంది: పెళ్లాడబోయేవాళ్లకు, భార్యకు, భర్తకు. ఎవరు సాయం చేయగలరో వాళ్లకు చెప్పడం మన అవసరం: డాక్టరుకు, బ్యాంకుకు, స్నేహితుడికి, టీచరుకు. ఈ రెండు గుంపుల్లో లేనివాళ్లు అడిగితే "బాగానే ఉన్నాం" అని ఊరుకోవచ్చు. అది మన ఇష్టం. మొదటి రెండు గుంపుల దగ్గర మాత్రం దాచకూడదు.

కెనడాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్తలు పాల్ హ్యూయిట్, గోర్డన్ ఫ్లెట్ తమ సహచరులతో కలిసి 2003లో ఈ దాపరికాన్ని మూడుగా విడదీశారు. లోపమే లేనట్టు గొప్పగా చూపించుకోవడం, తప్పు చేస్తూ ఎవరి కంటా పడకుండా జాగ్రత్తపడటం, తప్పు గురించి ఎవరితోనూ నోరు విప్పకపోవడం. మూడింటిలో మూడోదే మనల్ని ఎక్కువగా దెబ్బతీస్తోందని నా అభిప్రాయం, ఎందుకంటే సాయం అడగాలంటే నోరు విప్పాలి.

పేరున్నవాళ్లు నోరు విప్పడం మనం చూశాం. తనకు మయోసైటిస్ అనే కండరాల జబ్బు ఉందని నటి సమంత 2022 అక్టోబరులో స్వయంగా ప్రకటించారు. తనకు ఒక కన్ను కనిపించదని నటుడు రానా ఒక టీవీ కార్యక్రమంలో చెప్పారు. తెలుగు ప్రేక్షకులు వాళ్లను దూరం పెట్టలేదు. ఆ గౌరవం తారలకే పరిమితం కాకూడదు. మన ఇంటి పక్క అమ్మాయికి మూర్ఛ ఉందని తెలిసినప్పుడు, మేనల్లుడు సబ్జెక్టు తప్పినప్పుడు, బావగారి ఉద్యోగం పోయినప్పుడు అదే గౌరవం వాళ్లకూ దక్కాలి. వాళ్లు దాచేది మన నోళ్లకు భయపడే. దాచమనే సలహాలు పోవాలంటే ముందు మనం ఆ విషయాలు మోసుకుని తిరగడం మానాలి.

కాబట్టి ఇది చదువుతున్న పెద్దలకు నా విన్నపం. ఈసారి ఇంట్లో ఎవరైనా కళ్లనీళ్లతో మీ దగ్గరికొచ్చి ఏదైనా చెబితే, అలవాటు కొద్దీ "ఎవరికీ చెప్పకు" అనే మాట నోటిదాకా వస్తుంది. దాన్ని అక్కడే ఆపి, "దీనికి సాయం ఎవరు చేయగలరు, వాళ్ల దగ్గరికి ఎప్పుడు వెళ్దాం?" అని అడగండి.